ఎర్ర రక్తకణముల ఔషధవాహక ప్రోటీనులు

రక్తపు క్యాన్సరులకు వాడునవి మొదలగు మందులను జీవకణముల లోనికి చేర్చునట్టివియు, చేరినవానిని మరల వెలికి నెట్టునట్టివియు నగు ప్రోటీనులకు ఔషధవాహకములని పేరు. ఇవి కాలేయము, మూత్రపిండములు, ప్రేవులు, మెదడులోని సూక్ష్మరక్తనాళములు మొదలగు చోట్ల విరివిగా నుండుట చాలకాలముగా తెలిసిన విషయమే. ప్రాణవాయువును మోయుట తప్ప వేరుపని యెరుగదని తలచబడిన ఎర్ర రక్తకణము పైపొర యందును ఇవి కలవనియు, వానిలో కొన్నింటిని రక్తనిధులవారు వేరు పేళ్లతో, బ్లడ్ గ్రూపు లక్షణములుగా, అంతకు ముందు నుండియే ఎరిగియుండిరనియు మాత్రము ఇటీవలి దశాబ్దములలో గాని స్పష్టము కాలేదు. ల్యుకీమియా, లింఫోమా, మైలోమా అను మూడు పెద్ద తెగల క్యాన్సరులలో సాధారణముగా చెడిపోవునవి తెల్లకణముల సంతతికి చెందిన కణములు. అయినను ఎర్రకణమును పరీక్షించి రోగి దేహమున మందు నడచిన తీరును తెలిసికొను పద్ధతి నలువది యేండ్లుగా నడచుచున్నది. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, పలాస పరిసరములగు ఉద్దానపు తీరమున మూత్రపిండ వ్యాధి ప్రబలియుండుటచే, ఈ పద్ధతికి గల ప్రయోజనమును, దాని పరిమితులును అచ్చటి రోగుల విషయమున మరింత నిశితముగా ఆలోచింపదగియున్నవి.

ఎర్రకణము, దాని పొర

ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 50 లక్షల ఎర్రకణములుండును. ఒక్కొక్కటి 7 లేక 8 మైక్రాన్ల అడ్డుకొలత కలిగి, ఇరువైపుల నడుమ పల్లమై యుండును. మూలుగలో పుట్టునపుడు దీనికి కేంద్రకము కలదు. రక్తప్రవాహమున ప్రవేశించుటకు ముందే అది కేంద్రకమును విసర్జించి, ప్రవేశించిన ఒకటి రెండు దినములలో మిగిలిన రైబోసోములను, మైటోకాండ్రియాలను కూడ పోగొట్టుకొని, ఆ మీద క్రొత్త ప్రోటీను నొక్కదానినైనను నిర్మింపజాలక, సుమారు 120 దినములు సంచరించి, ప్లీహము మొదలగు చోట్ల నశించును. కావున దాని పొరపై ఏ వాహకము ఎంత యున్నదను విషయము మూలుగలోనే నిర్ణయమైపోవును. తరువాత తరుగుటయే గాని పెరుగుట లేదు. కవిటి తోటలలో కొబ్బరిమ్రాను మీద రాలిన మట్టల గుర్తులు వలయములుగా నిలిచి చెట్టు గడపిన కాలమును తెలుపునట్లు, ఎర్రకణము తాను మూలుగలో పెరిగిన దినముల నాటి స్థితిని తెలుపును. నేడు వేసికొన్న మాత్ర నేడే అందు కనబడవలెనని కోరుట సరికాదు.

ఈ పొరపై అన్నింటికంటె విస్తారముగా నున్నది బ్యాండ్-3 అను ప్రోటీను. ఒక్క కణమున దాదాపు పది లక్షల ప్రతులు. గ్లూకోజును లోనికి చేర్చు గ్లూట్-1 లక్షలలోనే యుండును. ఔషధములతో సంబంధించిన వాహకములు వీనితో పోల్చినచో మిక్కిలి కొలది. సంఖ్యాబలము లేకపోయినను రక్తమున ఎర్రకణములే దాదాపు సగము పరిమాణమును ఆక్రమించుటచే, ఈ కొలది వాహకముల మొత్తపు పని ఉపేక్షింపరానిదగుచున్నది.

లోనికి చేర్చునవి

న్యూక్లియోసైడులను, అనగా డి.ఎన్.ఏ. నిర్మాణమునకు వలసిన ముడిపదార్థములను, కణములోనికి చేర్చు ఇ.ఎన్.టి.1 అను వాహకము ఎర్రకణమునకు సుమారు పదివేల చొప్పున కలదు. తీవ్ర మైలాయిడ్ ల్యుకీమియాకు నేటికిని మూలస్తంభముగా నున్న సైటారబిన్ అను మందు న్యూక్లియోసైడు రూపమున నుండుటచే ఈ ద్వారముననే కణములోనికి పోవును. ఏడు దినములు సైటారబిన్, మూడు దినములు డానోరూబిసిన్ ఇచ్చు ప్రసిద్ధ చికిత్సాక్రమమున, రోగకణములపై ఇ.ఎన్.టి.1 తక్కువగా నున్నవారికి మందు సరిగా పట్టకపోవుటను పలువురు పరిశోధకులు గమనించిరి. ఈ వాహకమే అగస్టీన్ అను రక్తవర్గమునకు ఆధారమని 2015లో తేలినది. ఎర్రకణమున ఈ ద్వారము తెరచియుండుట వలన కీడును కలదనుటకు నిదర్శనము రైబవిరిన్. కామెర్లకు కారణమగు హెపటైటిస్-సి వైరసుపై వాడిన ఈ మందు ఇ.ఎన్.టి.1 ద్వారా ఎర్రకణమున జొరబడి, అందు ఫాస్ఫేటు సంయోగమును పొంది, తిరిగి వెలువడజాలక పేరుకొనిపోయి, కణములను చితికించి రక్తహీనతను కలిగించును. ఎర్రకణము మందునకు ఉదాసీనపాత్ర మాత్రమేనని భావించువారికి ఈ ఒక్క ఉదాహరణము చాలును.

హైడ్రాక్సీయూరియా కథ వేరు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియాలో తెల్లకణముల సంఖ్యను త్వరగా దించుటకును, ఎర్రకణములే మితిమీరి పెరుగు పాలిసైథీమియా వీరా యందును, సికిల్ సెల్ వ్యాధి యందును దీనిని వాడుదురు. యూరియాను మోయు యు.టి.-బి అను వాహకము ఈ మందును కూడ మోయగలదని ప్రయోగములు చూపినవి. ఈ యు.టి.-బి యే 1951లో కనుగొనబడిన కిడ్ రక్తవర్గమునకు మూలము. ఉత్తరాంధ్ర మన్యమున గిరిజనులలో సికిల్ సెల్ లక్షణము కలవారు ఉండుటచే, ఒకే మందు తీరమున ల్యుకీమియాకును, కొండలలో సికిల్ సెల్ వ్యాధికిని వాడబడు జిల్లాలలో శ్రీకాకుళము ఒకటి. ఈ మందులో గణనీయభాగము మూత్రపిండముల ద్వారా పోవునది కావున, అవి చెడినవారికి మోతాదును సగమునకు తగ్గించుట నియమము.

ఫోలేటును, ఫోలేటును పోలిన మెతోట్రెక్సేటును చేర్చు ఆర్.ఎఫ్.సి. అను వాహకము మూడవది. దీని జన్యువు 21వ క్రోమోసోముపై నున్నది. పిల్లలకు వచ్చు తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాలో కొన్నింట రోగకణములు అదనపు క్రోమోసోములను సంతరించుకొనును. వానిలో 21వది తరచుగా చేరును. అట్టి కణములు మెతోట్రెక్సేటును ఎక్కువగా లోనికి లాగుకొని, అధికముగా నిలువచేసికొని, ఆ మందునకు సులభముగా లొంగును. ఆ పిల్లలు కోలుకొను అవకాశము మెరుగుగా నుండుటకు గల కారణములలో ఇది ఒకటి.

వెలికి నెట్టునవి

లోనికి చేరిన మందును వెలికి నెట్టు వాహకములలో ముఖ్యమైనవి ఎ.బి.సి. కుటుంబమునకు చెందినవి. ఇవి ఎ.టి.పి. అను శక్తిద్రవ్యమును ఖర్చుచేసి పని చేయును. 1976లో జూలియానో, లింగ్ అను శాస్త్రవేత్తలు కాల్చిసిన్ మందునకు లొంగని చైనా హామ్‌స్టరు కణములను పరీక్షించుచు, వాని పొరపై పి-గ్లైకోప్రోటీను అను పదార్థము విశేషముగా నుండుటను గుర్తించిరి. ఒక మందునకు అలవాటుపడిన క్యాన్సరు కణములు తమకు పరిచయమే లేని వేరు మందులకు కూడ లొంగకపోవుట ఏలనను ప్రశ్నకు ఇది తొలి సమాధానమైనది. 1992లో ఎం.ఆర్.పి.1, 1998లో ఎ.బి.సి.జి.2 వెలువడినవి. పరిపక్వమైన ఎర్రకణముపై పి-గ్లైకోప్రోటీను చెప్పుకోదగినంత లేదు; ఎం.ఆర్.పి.1, ఎం.ఆర్.పి.4, ఎం.ఆర్.పి.5, ఎ.బి.సి.జి.2, ఎ.బి.సి.బి.6 అనునవి కలవు.

వీనికి సహజముగా గల పని మందులను నెట్టుట కాదు. ప్రాణవాయువును మోయు కణమునకు ఆక్సీకరణపు దెబ్బ తప్పదు. ఆ దెబ్బను కాచుకొనుటలో ఖర్చై పోయిన గ్లూటథయోనును ఎర్రకణము వెలికి పంపుటను శ్రీవాస్తవ, బ్యూట్లర్ అనువారు 1969లోనే చూపిరి. ఆ పనిలో ఎం.ఆర్.పి.1కు పాత్ర గలదని తరువాత తెలియవచ్చినది. ఎం.ఆర్.పి.4, 5 అనునవి చక్రీయ న్యూక్లియోటైడులను బయటికి పంపును. ఎ.బి.సి.జి.2 పోర్ఫిరినులను, యూరిక్ ఆమ్లమును నెట్టును. క్యాన్సరు మందులలో మైటోజాంట్రోన్, టోపోటెకాన్, మెతోట్రెక్సేట్, ఇమాటినిబ్ దీని దారికి వచ్చునవి. మూలుగలోని మూలకణములు ఒక రంగుపదార్థమును ఎవరును అడుగకయే వెలికి తోసివేయుటను 1996లో గమనించిరి. ఆ తోయుట ఎ.బి.సి.జి.2 పనియని 2001లో తేలినది. రక్తమునకు మూలమగు కణములకు ప్రకృతి యిచ్చిన ఈ రక్షణనే ల్యుకీమియా మూలకణములు తమకు కవచముగా వాడుకొనుచున్నవను అనుమానము అప్పటినుండియు బలపడుచున్నది.

రక్తనిధుల చరిత్ర ఇచ్చట ఆసక్తికరముగా కలిసివచ్చును. జె.ఆర్. అను రక్తలక్షణము 1970లోను, లాన్ అను లక్షణము 1961లోను వర్ణింపబడినవి. ఇవి లేనివారు అరుదు, జె.ఆర్. లేనివారు జపానులో కొంత ఎక్కువ. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట 2012లో జె.ఆర్. అనునది ఎ.బి.సి.జి.2 ప్రోటీనేయనియు, లాన్ అనునది ఎ.బి.సి.బి.6 యేననియు జన్యుపరీక్షలు నిర్ధారించినవి. 2020లో పి.ఇ.ఎల్. అను మరియొక లక్షణము ఎం.ఆర్.పి.4 పై నిలిచినదని తెలిసినది. ఈ ప్రోటీనులు బొత్తిగా లేనివారు సామాన్యజీవనమునకు లోటులేక బ్రతుకుచుండుట వైద్యులకు ఆశ్చర్యము కలిగించిన సంగతి. అట్టివారికి మందు ఇచ్చినపుడో, ఇతరుల రక్తము ఎక్కించినపుడో మాత్రమే ఆ లోటు బయటపడును.

ఇమాటినిబ్ గూర్చి ఒక మాట. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియాను మాత్రతో అదుపులో నుంచదగిన వ్యాధిగా మార్చినది. హైదరాబాదునకు చెందిన నాట్కో ఫార్మా సంస్థ దీనిని 2003లో వీనాట్ అను పేరుతో తక్కువ ధరకు తెచ్చినది. మూలసంస్థయగు నోవార్టిస్ కోరిన పేటెంటు హక్కును సుప్రీం కోర్టు 2013 ఏప్రిల్ 1న త్రోసిపుచ్చిన తీర్పుచే ఆ మందు సామాన్యునకు అందుబాటున నిలిచినది. ఈ వ్యాధిలో ఒక విశేషము కలదు. 1960లో కనుగొనబడిన ఫిలడెల్ఫియా క్రోమోసోము తెల్లకణములయందే గాక ఎర్రకణముల పూర్వరూపములయందును ఉండును. అనగా రోగి రక్తమున తిరుగు ఎర్రకణములు కూడ చెడిన మూలకణపు బిడ్డలే. పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాలో అట్లు కాదు. అందు ఎర్రకణము రోగకణమునకు చుట్టము కాదు, దాని పొరపై వాహకమెంతయున్నదో చూచి రోగకణముపై నెంతయున్నదో ఊహించుట పొరపాటగును. అది రోగి పుట్టుకతో తెచ్చుకొన్న జన్యుస్వభావమును తెలుపునే గాని, రోగము తరువాత నేర్చుకొన్న మొండితనమును తెలుపదు. ఈ భేదమును విస్మరించిన పరిశోధనలు కొన్ని చిక్కులలో పడినవి.

సుబ్బారావుగారి మందు

మెతోట్రెక్సేట్ చరిత్ర ఆంధ్రుల చరిత్రతో ముడిపడి యున్నది. 1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, బోస్టన్ నగరమునకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. పదార్థములను వెలికితీసిన కృషిలో వారి పాత్ర ప్రధానమైనది. మీద చెప్పిన ఎ.బి.సి. వాహకములు మందును నెట్టుటకు ఖర్చుచేయునది ఆ ఎ.టి.పి.నే. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించిన పరిశోధకబృందమునకు వారు నాయకత్వము వహించిరి; ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ ఆ ప్రయోగశాల నుండియే వెలువడినది. దానిని సిడ్నీ ఫార్బర్ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ల్యుకీమియా రోగులగు 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందికి తాత్కాలికముగా నైనను గుణము కలిగినదని 1948 జూన్ 3న ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. అమినాప్టెరిన్ స్థానమును కొలదికాలమునకే దానికి తోబుట్టువగు మెతోట్రెక్సేట్ ఆక్రమించినది. ఫైలేరియాకు నేటికిని ఊరూర పంచిపెట్టుచున్న డై ఇథైల్ కార్బమజీన్ కూడ వారి ప్రయోగశాల ఫలమే; బోదకాలు బాధను తరతరములుగా ఎరిగిన మన తీరజిల్లాలలో ఆ మాత్రలు మ్రింగినవారిలో ఎందరికి ఆ పేరు తెలియునో!

మెతోట్రెక్సేట్ మూలుగలోని ఎర్రకణపు పూర్వరూపములలోనికి వాహకము ద్వారా చేరి, గ్లూటమేటు తోకలు తగిలించుకొని బరువెక్కి, ఆ తోకల వలన వెలికిపోజాలక అందే చిక్కుకొనును. ఆ కణము పక్వమై రక్తమున ప్రవేశించినపుడు మందును తనతో మోసికొనివచ్చును. కనుకనే మందు మొదలిడిన తరువాత ఎర్రకణములలో దాని పరిమాణము వారముల తరబడి మెల్లగా పెరుగును. మందు మానిన తరువాతను నెలల తరబడి నిలుచును. ప్లాస్మాలో కొలిచిన మందు నిన్నటి మాత్రను చెప్పును. ఎర్రకణములో కొలిచినది గడచిన రెండు మూడు నెలల సేవనమును చెప్పును. ఫోలేటు లోపమును దీర్ఘకాలదృష్టితో తెలిసికొనుటకు ఎర్రకణములలోని ఫోలేటును కొలుచుట కూడ ఈ న్యాయముననే.

మెర్కాప్టోప్యూరిన్, ఎర్రకణపు పరీక్ష

ఎర్రకణపు పరీక్షకు చికిత్సాలయమున నిజమైన గౌరవము కలిగించినది మెర్కాప్టోప్యూరిన్. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్సులు 1951లో తయారుచేసిన ఈ మందునకు 1953లో అనుమతి లభించినది. వారికి 1988లో నోబెల్ బహుమానము వచ్చినది. పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాలో మొదటి తీవ్రచికిత్స ముగిసిన తరువాత ఈ మాత్రను ప్రతిదినము, మెతోట్రెక్సేటును వారమునకొకసారి, మొత్తము చికిత్స రెండు మూడేండ్లు సాగువరకు ఇత్తురు. మెర్కాప్టోప్యూరిన్ కణములో థయోగ్వానిన్ న్యూక్లియోటైడులుగా మారిన పిదపనే పనిచేయును. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున లెనార్డ్, లిల్లీమాన్ అనువారు ఎర్రకణములలో ఈ న్యూక్లియోటైడులను కొలిచి, అవి తక్కువగా నున్న పిల్లలలో వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువయని 1990 ప్రాంతమున చూపిరి. కొందరిలో అవి తక్కువగా నుండుటకు శరీరధర్మము కారణము కాగా, మరికొందరిలో మాత్రలు మ్రింగకపోవుటయే కారణము. నూటికి 95 పాళ్లకు తగ్గి మాత్రలు వేసికొన్న పిల్లలలో వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము పెరుగునని 2012లో అమెరికాలో ప్రకటించిన పరిశోధన తెలిపినది. చికిత్స ముగిసిపోయినట్లు కనబడు పిల్లవానికి, ఆటపాటలలో మునిగియున్న కాలమున, ప్రతిరాత్రి చేదుమాత్రను గుర్తుంచుకొని వేయుట తల్లిదండ్రులకు మొదటి నెలల కీమోకంటె కష్టమైన పనియని వైద్యులెల్లరు ఎరుగుదురు.

ఈ మందును నిర్వీర్యము చేయు టి.పి.ఎం.టి. అను కిణ్వమును కూడ ఎర్రకణములలోనే కొలుతురు. 1980లో వైన్‌షిల్‌బోమ్, స్లాడెక్ అనువారు ఈ కిణ్వపు స్థాయి వంశపారంపర్యముగా నిర్ణయమగునని చూపిరి. శ్వేతజాతులలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ కిణ్వము బొత్తిగా లేదు. పదింట ఒకవంతునకు సగము మాత్రమే కలదు. అట్టివారికి సాధారణ మోతాదు మూలుగను ఎండగట్టును. భారతీయులలో ఎన్.యు.డి.టి.15 అను వేరొక జన్యుభేదము ఎక్కువగా కనబడుటచే, ఎర్రకణములలో టి.పి.ఎం.టి. సరిగా నున్నదని చూచి నిశ్చింతగా నుండుటకు వీలులేదు. మెర్కాప్టోప్యూరిన్ న్యూక్లియోటైడులను వెలికి నెట్టునది ఎం.ఆర్.పి.4. ఆ వాహకపు జన్యువులో జపానీయులయందు కనబడు ఒక భేదము కలవారికి ఈ మందు ఎక్కువగా సోకునని తెలిసినది.

వాహకములను కొలుచు తీరు

కణపు పొరపై నున్న వాహకములను కొలుచుటకు నేడు వాడునది ఫ్లో సైటోమీటరు. రక్తమును పలుచన చేసి, వాహకపు బాహ్యభాగమును గుర్తించి పట్టుకొను ప్రతిరక్షకమును దానిలో కలుపుదురు. ఆ ప్రతిరక్షకమునకు కాంతినిచ్చు రంగు తగిలింపబడి యుండును. ఎ.బి.సి.జి.2కు పేరుపడిన ప్రతిరక్షకము 5డి3. ఇట్లు సిద్ధమైన కణములు సన్నని ధారలో ఒకదాని వెనుక ఒకటిగా లేజరు కిరణము ముందుగా క్షణమునకు వేల చొప్పున సాగిపోవుచుండ, ఒక్కొక్క కణము వెలువరించు కాంతిని యంత్రము గ్రహించి వానిని గుంపులుగా చూపును. 2012లో బుడాపెస్టు పరిశోధకులు ఈ పద్ధతితో, ఎ.బి.సి.జి.2 జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడినవారి ఎర్రకణములపై ఆ ప్రోటీను సుమారు సగమే యున్నదని చూపిరి. జన్యుపరీక్ష అక్కరలేకయే, వ్రేలినుండి తీసిన రక్తముతో, ఒక వ్యక్తి దేహమున ప్రేవులయందును కాలేయమునందును మందు ఎట్లు నడచునో ఊహింపవచ్చునను ఆశ దీనివలన కలిగినది. ఆశ సమంజసమైనదే గాని, మూత్రపిండములు సరిగా పనిచేయుచున్నంత వరకే.

ఉద్దానమున

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములు కలిసిన ఉద్దానము కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చని సీమ. పలాస, కాశీబుగ్గల జీడిపప్పు దేశమంతట ప్రసిద్ధము. 2018 అక్టోబరు 11న తీరమును తాకిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలగూల్చినది. అంతకు చాల ముందు నుండియు ఈ సీమను పీడించుచున్నది కిడ్నీ జబ్బు. మధుమేహము గాని, అధిక రక్తపోటు గాని లేని రైతుకూలీలలో, మూత్రమున ప్రోటీను అంతగా పోకుండగనే, రక్తమున క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము మెల్లగా పెరిగి, రోగి ఆసుపత్రికి చేరు నాటికి మూత్రపిండములు చాలవరకు క్షీణించియుండుట దీని లక్షణము. ఇటీవలి సర్వేలు పెద్దవారిలో దాదాపు ఐదవవంతు మందికి మూత్రపిండ వ్యాధి కలదని తేల్చినవి. ఇందునకు ఏకైక కారణము నేటికిని నిర్ధారితము కాలేదు. హిరమండలము జలాశయము నుండి త్రాగునీరు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి.

ఇట్టి సీమలో ఒకనికి రక్తపు క్యాన్సరు వచ్చినపుడు, అతడు విశాఖపట్నమునకు గాని, సరిహద్దు దాటి బరంపురమునకు గాని పోయి చికిత్స పొందవలసియుండును. కిడ్నీ జబ్బు, రక్తపు క్యాన్సరు రెండును ఒకరికే రావలెనని లేదు. కాని ఊరిలో ఐదుగురు పెద్దలలో ఒకరికి మొదటిది ఉన్నచోట, రెండవదానికి మందు వ్రాయు వైద్యుడు మూత్రపిండముల మాట మరువరాదు. మెతోట్రెక్సేటులో అధికభాగము మార్పుచెందకయే మూత్రపిండముల ద్వారా పోవును. అచ్చట దానిని రక్తమునుండి లాగునవి ఓ.ఏ.టి.1, ఓ.ఏ.టి.3 అను వాహకములు, మూత్రమున వదలుటలో సహాయపడునవి ఎం.ఆర్.పి.4, ఎ.బి.సి.జి.2 మొదలగునవి. ఒళ్లునొప్పులకు కూలీలు వాడు నొప్పిమాత్రలు, కొన్ని పెనిసిలిన్ మందులును ఈ వాహకములనే అడ్డగించి మెతోట్రెక్సేటును రక్తమున నిలువచేయును. పెద్ద మోతాదు ఇచ్చునపుడు ముందుగా మూత్రమును క్షారముగా మార్చుట, వెనువెంట విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇచ్చుట, మందు స్థాయిని గంటల లెక్కన కొలుచుట తప్పనిసరియగుటకు కారణము ఆ మందు ఇట్లు మూత్రపిండముల ద్వారానే వెలికిపోవలసియుండుటయే.

అల్లోప్యూరినాల్ విషయము మరింత జాగరూకతకు అర్హమైనది. మూత్రపిండములు చెడినపుడు యూరిక్ ఆమ్లము పేరుకొనును. ఆ దశలో ప్రేవులలోని ఎ.బి.సి.జి.2 దానిని మలముతో వెలికి పంపు భారమును కొంత వహించును. యూరిక్ ఆమ్లమును తగ్గించుటకు వైద్యుడు వ్రాయు అల్లోప్యూరినాల్, మెర్కాప్టోప్యూరినును నిర్వీర్యము చేయు కిణ్వమును కూడ అణచివేయును. ఈ రెండు మాత్రలు ఒకే రోగి సంచిలో చేరినచో, మెర్కాప్టోప్యూరిన్ మోతాదును మూడవ లేక నాల్గవ వంతునకు తగ్గింపకున్న మూలుగ కుప్పకూలును. మూత్రపిండ మార్పిడి పొందినవారికి చిరకాలము ఇచ్చిన అజథయోప్రిన్ దేహమున మెర్కాప్టోప్యూరినుగానే మారునది కావున, ఈ హెచ్చరిక వారికిని వర్తించును. కిడ్నీ వైద్యుడు ఒక ఊరిలో, క్యాన్సరు వైద్యుడు మరియొక ఊరిలో ఉండి, ఒకరి చీటీ ఒకరు చూడకపోవుట ఇట్టి ప్రమాదములకు దారితీయును.

మూత్రపిండ రోగి దేహమున ఎర్రకణమే మారిపోవును. ఎరిత్రోపోయిటిన్ అను ప్రేరకమును పుట్టించునవి మూత్రపిండములే; అవి క్షీణించినపుడు ఎర్రకణములు పుట్టుట తగ్గును, పుట్టినవి కూడ 120 దినములు బ్రతుకక మధ్యలోనే నశించును. డయాలసిస్ రోగికి ఎరిత్రోపోయిటిన్ సూదిమందు ఇచ్చినచో క్రొత్త కణములు గుంపుగా వెలువడి, రక్తములోని కణముల సగటు వయస్సు హఠాత్తుగా తగ్గును. రక్తము ఎక్కించినచో దాత కణములు కలిసిపోవును. వానిలో మెతోట్రెక్సేటు గాని, థయోగ్వానిన్ న్యూక్లియోటైడులు గాని లేవు, వాని పొరపై నున్న ఎ.బి.సి.జి.2 దాతదే గాని రోగిది కాదు. ఆ స్థితిలో న్యూక్లియోటైడులు తక్కువగా వచ్చినవని చూచి, పిల్లవాడు మాత్రలు మ్రింగుటలేదని తల్లిని నిందించుట అన్యాయము. మూత్రపిండ మార్పిడి జరిగినవారికి వాడు టాక్రోలిమస్ అను మందు ఎర్రకణములలోనే అధికముగా పట్టుకొనియుండునది కావున, దానిని ప్లాస్మాలో గాక సంపూర్ణరక్తముననే కొలుతురు. రక్తహీనత తీవ్రమైనపుడు ఆ అంకెను కూడ అనుమానించుచు చదువవలెను.

అందుచే ఉద్దానము నుండి ఎర్రకణపు పరీక్షకు రక్తము తీయునపుడు, మంచుపెట్టెలో పెట్టి పంపు, రక్తమును గడ్డకట్టనీయని ఇ.డి.టి.ఏ. గొట్టముపై రోగి పేరు, తేదీతోపాటు, చివరిసారి రక్తము ఎక్కించిన దినము, ఎరిత్రోపోయిటిన్ సూదిమందు ఇచ్చిన దినము, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ అంకెలు, రోగి వాడుచున్న అల్లోప్యూరినాల్, నొప్పిమాత్రల వివరము చేర్చి పంపవలసియుండును; ఎక్కించిన రక్తము ఇంకను మిగిలియున్న దినములలో, అనగా సుమారు మూడు నెలల లోపల, వచ్చిన న్యూక్లియోటైడు అంకెను పరీక్షకుడు వేరుగా గుర్తించి వ్రాయును.